కొంగకు తెలియకుండా కొంగను చూడటం

టెలిస్కోపు అనగానే మనవాళ్ళకు చుక్కలే గుర్తొస్తాయి. అందులో బొమ్మ తలకిందులుగా కనబడినా చుక్కకు నష్టం లేదు. కొంగ తలకిందులైతే బాగుండదు కదా! అందుకే పిట్టల్ని చూసే చిన్న టెలిస్కోపులో గాజు పట్టకాలు అమర్చి బొమ్మను నిటారుగా నిలబెడతారు.

అలాంటిదొకటి అరువు తెచ్చుకొని ఆనందపురం దగ్గరి గంభీరం రిజర్వాయరుకు వెళ్ళాను. దానిమీద 20-60×60 అని ఉంది. అంటే 20 నుంచి 60 రెట్లు పెంచి చూపిస్తుంది. ముందు కటకం వెడల్పు 60 మి.మీ. ఆశకొద్దీ 60కి తిప్పాను. అంతా మసక! కటకం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 20 దగ్గర 3 మి.మీ., 60 దగ్గర 1 మి.మీ. మాత్రమే. పైగా ఎండెక్కితే నీటిమీద వేడిగాలి వణుకు కూడా అన్ని రెట్లూ పెరిగి కనిపిస్తుంది. విసుగొచ్చి గట్టు దిగి దగ్గరకు నడిచాను. కొంగలన్నీ మేత వదిలేసి ఒక్కసారిగా లేచిపోయాయి. తప్పు నాదే.

మర్నాడు తెల్లవారగానే వెళ్ళి, మూడుకాళ్ళ స్టాండు బిగించి, 20 దాటకుండా గట్టుమీదే కూర్చున్నాను. ఓ నీటికాకి రెక్కలు చాపి తీరుబడిగా ఆరబెట్టుకుంటోంది. నావైపు కన్నెత్తి చూడనైనా లేదు.