విప్ ఎంపీకే.. ఓటరుకు కాదు!

2025లో రంజాన్ ఈద్ అయిన రెండు రోజులకే, ఏప్రిల్ 2న లోక్‌సభలో వక్ఫ్ సవరణ బిల్లుపై చర్చ మొదలైంది. అర్ధరాత్రి దాటాక ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 288, వ్యతిరేకంగా 232 ఓట్లు పడ్డాయి. మరుసటి రోజు రాజ్యసభలోనూ చర్చ అర్ధరాత్రి దాకా సాగింది. అక్కడ 128-95తో బిల్లు గట్టెక్కింది. కేంద్రంలో భాగస్వామిగా ఉన్న తెలుగుదేశం బిల్లుకు అనుకూలంగా నిలిచింది. కాంగ్రెస్, మజ్లిస్ వ్యతిరేకించాయి.

ఆ తర్వాత తెలుగు రాష్ట్రాల్లో చాలా ముస్లిం ఇళ్లలో ఒకటే ప్రశ్న. "మొన్నే కదా మన ఇఫ్తార్‌కు వచ్చి టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడికెళ్లి మనకోసం ఒక్క ఓటు వేయలేకపోయాడా?" కొందరు ఆ ఎంపీని తిట్టారు. కొందరు "పాపం, ఆయన చేతుల్లో ఏముంది, పార్టీ చెప్పినట్టు చేయాలి" అని వెనకేసుకొచ్చారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. అసలు ఎంపీ చేతుల్లో ఎంత ఉంది, పార్టీ చేతుల్లో ఎంత ఉంది, మన చేతుల్లో ఎంత ఉంది? విడివిడిగా చూద్దాం.

విప్ అంటే ఏంటి?

సభలో ఫలానా రోజు తప్పకుండా హాజరు కావాలి, ఫలానా విధంగా ఓటు వేయాలి అని పార్టీ తన సభ్యులకు ఇచ్చే రాతపూర్వక ఆదేశమే విప్. ఇందులో మూడు స్థాయిలున్నాయి. వాక్యం కింద ఒక గీత ఉంటే సమాచారం లాంటిది. రెండు గీతలుంటే సభలో ఉండాలని అర్థం. మూడు గీతల విప్ వచ్చిందంటే సభకు రావాలి, చెప్పినట్టే ఓటు వేయాలి. వక్ఫ్ బిల్లు సమయంలో అధికార పక్షాలూ, ప్రతిపక్షాలూ కూడా తమ సభ్యులకు విప్‌లు ఇచ్చాయి.

దాన్ని కాదంటే ఏమవుతుంది? పార్టీ కోప్పడటంతో ఆగదు. పదవే పోవచ్చు. దానికి కారణం రాజ్యాంగంలోని పదో షెడ్యూలు. మనం ఫిరాయింపుల నిరోధక చట్టం అంటున్నది దీన్నే.

ఈ చట్టం ఎందుకొచ్చింది?

1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. 'ఆయారాం గయారాం' అనే మాట అక్కడి నుంచే పుట్టింది. ఆ రోజుల్లో దేశమంతటా ఎమ్మెల్యేలు డబ్బుకూ, మంత్రి పదవికీ ఆశపడి పార్టీలు మారడం, ప్రభుత్వాలు పడిపోవడం మామూలైపోయింది. దీన్ని ఆపడానికి 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ రాజ్యాంగ సవరణ తెచ్చింది.

దీని ప్రకారం పదవి పోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, గెలిచిన పార్టీని తనంతట తాను వదులుకోవడం. ఇందుకు రాజీనామా పత్రం ఇవ్వాల్సిన పని లేదు, నడవడికను బట్టి కూడా నిర్ణయించవచ్చని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. రెండు, పార్టీ అనుమతి లేకుండా విప్‌కు విరుద్ధంగా ఓటు వేయడం, లేదా ఓటు వేయకుండా తప్పుకోవడం. అయితే 15 రోజుల్లోపు పార్టీ క్షమిస్తే పదవి ఉంటుంది.

ఉద్దేశం మంచిదే. ఒక పార్టీ గుర్తు మీద, ఒక మేనిఫెస్టో చూపించి గెలిచినవాడు మధ్యలో వేరే కొట్టుకు అమ్ముడుపోతే ఓటేసినవాళ్లను మోసం చేసినట్టే. పార్టీ పట్ల విధేయతకు విలువ ఉన్నది ఇక్కడే.

పట్టుబడేది ఎవరు, తప్పించుకునేది ఎవరు?

చిక్కు అమలులో వచ్చింది. మన రాష్ట్రాలనే చూడండి. 2014 ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. సభ కాలం పూర్తయినా ఎవరి పదవీ పోలేదు. 2019లో అదే తెలుగుదేశానికి ప్రజలు ఇచ్చిన సీట్లు సరిగ్గా 23. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. మూడింట రెండొంతుల మంది కలిసి వెళితే చట్టం దాన్ని విలీనంగా చూస్తుంది, శిక్ష ఉండదు. 2024లో బీఆర్ఎస్ నుంచి పది మంది ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారని ఫిర్యాదులు వచ్చాయి. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే అనర్హతపై నిర్ణయించే అధికారం స్పీకర్‌ది. స్పీకర్ సాధారణంగా అధికార పార్టీ మనిషే.

లెక్క ఎక్కడ తప్పిందో గమనించండి. పదవి కోసం గుంపుగా వెళ్లినవాళ్లకు దారి దొరుకుతోంది. "ఈ ఒక్క బిల్లు మా నియోజకవర్గం వాళ్లకు నష్టం, నేను ఓటు వేయలేను" అని ఒంటరిగా నిలబడేవాడికి మాత్రం దారి లేదు. దొంగను ఆపడానికి పెట్టిన తాళం ఇంటివాళ్లనే లోపల బంధించినట్టయింది.

ఇది కొత్త విమర్శ కాదు. 1990లోనే దినేష్ గోస్వామి కమిటీ, విశ్వాస తీర్మానాల వంటి ఓటింగ్‌లకు మాత్రమే ఈ శిక్ష పరిమితం చేయాలని సూచించింది. 1992లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే దాదాపు అదే ధోరణిలో మాట్లాడింది. ప్రభుత్వ మనుగడ తేల్చే ఓటింగ్‌కు, పార్టీ ఎన్నికలకు వెళ్లిన ముఖ్య విధానాలకు విప్ పరిమితమైతే మంచిదని చెప్పింది. పార్టీలు మాత్రం ఆ హద్దు పాటించడం లేదు.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధంపై ఓటింగ్‌లో అధికార లేబర్ పార్టీకి చెందిన 139 మంది ఎంపీలు సొంత ప్రభుత్వానికి ఎదురు నిలిచారు. యుద్ధం ఆగలేదు. కానీ ఆ ఓటు వల్ల ఎవరి ఎంపీ పదవీ పోలేదు.

విప్ లేకపోతే అంతా బాగుంటుందా?

అలా కూడా చెప్పలేం. వక్ఫ్ బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు ఒడిశాకు చెందిన బీజేడీ విప్ ఇవ్వలేదు. మొదట బిల్లును వ్యతిరేకిస్తామన్న పార్టీ, చివరి గడియలో సభ్యులు తమ మనస్సాక్షి ప్రకారం ఓటు వేయవచ్చని ప్రకటించింది. వినడానికి బాగుంది. కానీ రేపు ఒడిశా ఓటరు "మీ పార్టీ ఎటువైపు?" అని అడిగితే జవాబు ఏది? విప్ ఇచ్చిన పార్టీని కనీసం నిలదీయవచ్చు. విప్ ఇవ్వని పార్టీ చేతులు దులుపుకోవచ్చు. స్వేచ్ఛ అనేది కూడా ఒక్కోసారి తప్పించుకునే దారే.

పార్టీలో ఉండి వేరుగా ఆలోచిస్తే పార్టీకి ద్రోహమా? మౌలానా హస్రత్ మోహానీ జీవితం చూస్తే జవాబు దొరుకుతుంది. 1921 అహ్మదాబాద్ కాంగ్రెస్ సభల్లో సంపూర్ణ స్వాతంత్య్రం కావాలని ఆయన తీర్మానం పెట్టారు. గాంధీజీ వ్యతిరేకించారు. తీర్మానం ఓడిపోయింది. ఎనిమిదేళ్ల తర్వాత 1929 లాహోర్ సభల్లో కాంగ్రెస్ అదే లక్ష్యాన్ని తనదిగా ప్రకటించింది. లోపలి నుంచి ఎదురు చెప్పినవాడు పార్టీకి శత్రువు కాదు, చాలాసార్లు ముందు చూపు ఉన్నవాడు.

నోటికి విప్ లేదు

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. విప్ ఓటును కట్టేస్తుంది, నోటిని కాదు. ప్రశ్నోత్తరాల్లో ప్రశ్న అడగడానికి, జీరో అవర్‌లో సమస్య లేవనెత్తడానికి, మంత్రికి లేఖ రాయడానికి, పార్టీ సమావేశంలో "ఈ సెక్షన్ మార్చండి" అని పట్టుబట్టడానికి ఏ విప్పూ అడ్డం రాదు. పార్టీ అనుమతి అడిగి ఓటింగ్‌కు దూరంగా ఉండే అవకాశం కూడా చట్టంలోనే ఉంది. అందువల్ల "విప్ ఉంది కాబట్టి ఏం చేయలేకపోయాను" అనే ఎంపీని రెండో ప్రశ్న అడగాలి. "ఓటు సరే, ఓటింగ్‌కు ముందు ఏం చేశారు?"

వక్ఫ్ బిల్లు సభలోకి వచ్చింది 2024 ఆగస్టు 8న. తర్వాత సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. ప్రజల నుంచి సూచనలు కూడా తీసుకున్నారు. తుది ఓటింగ్‌కు మధ్యలో దాదాపు ఎనిమిది నెలలు. తాము సూచించిన కొన్ని మార్పులు బిల్లులో చేరాయని తెలుగుదేశం చెప్పింది. అవి సరిపోతాయా లేదా అన్నది వేరే చర్చ. కానీ పార్టీలు మాట మార్చుకునేది, బేరమాడేది ఆ ఎనిమిది నెలల్లోనే. ఓటింగ్ రాత్రి టీవీ ముందు కూర్చునేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. నిర్ణయం పార్టీది కాబట్టి అడగాల్సింది ఎంపీ ఇంటి దగ్గరే కాదు, పార్టీ ఆఫీసులో కూడా.

మరి మన ఇంట్లో విప్?

చట్టం ఎంపీని కట్టేసింది. ఓటరును ఏ చట్టమూ కట్టేయలేదు. మన ఓటు రహస్యం. ఎవరికి వేశావని బలవంతంగా చెప్పించే హక్కు ఎవరికీ లేదు. అయినా చాలా ఇళ్లలో కనిపించని విప్ ఒకటి ఉంటుంది. అబ్బా ఒక గుర్తు చెబితే అమ్మీ, కోడలు, కొత్తగా ఓటు వచ్చిన పిల్లలు అదే నొక్కాలి. మొహల్లాలో నలుగురు పెద్దలు ఎన్నికల ముందు రాత్రి మాట్లాడుకుని "ఈసారి అందరం ఇటే" అంటారు. ఎందుకని అడిగితే "ఎప్పట్నుంచో అదే పార్టీ" అని జవాబు.

ఒకే పార్టీకి మళ్లీ మళ్లీ ఓటు వేయడం తప్పు కాదు. ఓట్లు చీలితే నష్టమని లెక్క వేసుకుని అందరూ ఒకవైపు నిలబడటం కూడా ఆలోచనే. లెక్క వేయకుండా వేయడమే సమస్య. పాత ఖాతాదారు ఎప్పటికీ కొట్టు మారడని తెలిసిన వ్యాపారి అతనికోసం ధర తగ్గించడు. ఎప్పటికీ తన కొట్టుకు రాడని తెలిసినవాడి కోసం కూడా తగ్గించడు. ఆలోచించి, పోల్చి చూసి వచ్చేవాడితోనే బేరమాడతాడు. పార్టీలూ అంతే.

పోల్చడానికి కావాల్సినవి చాలావరకు బయటే ఉన్నాయి. ఎంపీ అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు పార్లమెంటు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అభ్యర్థి ఆస్తులు, కేసుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం సైట్‌లో ఉంటాయి. ఏడాదికి ఎంపీకి వచ్చే 5 కోట్ల స్థానిక అభివృద్ధి నిధులు ఎక్కడ ఖర్చయ్యాయో ఆర్‌టీఐతో అడగవచ్చు. 2010 నుంచి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతున్న 4 శాతం రిజర్వేషన్‌పై ఏ పార్టీ వైఖరి ఏంటో రాతపూర్వకంగా అడగవచ్చు.

ఓటును అమానత్ అని మన పెద్దలు అంటుంటారు. అమానత్ అంటే అప్పగించిన సొమ్ము. దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామో ఆరా తీయకుండా పెట్టం కదా. ఈసారి ఇంట్లో ఎన్నికల మాట వచ్చినప్పుడు "ఎవరికి వేయాలి" అని కాకుండా "ఎందుకు వేయాలి" అని అడిగి చూడండి. చెల్లెలి జవాబు, నాన్న జవాబు వేరుగా ఉన్నా ఆ ఇంటి సీటు ఎవరూ లాక్కోరు.