ఊరువు, తొడ, సక్థి: అర్థభేదం - ప్రయోగవివేచన

ఉపోద్ఘాతం:
గజ్జకు దిగువన, మోకాలికి ఎగువన ఉండే దేహభాగానికి తెలుగులో వాడుకమాట 'తొడ'. కావ్యాల్లో, శాస్త్రగ్రంథాల్లో దీనికి తత్సమంగా 'ఊరువు' కనిపిస్తుంది. "ఊరువు అనగా తొడ" అని ప్రతిపదార్థం చెప్పి ముందుకు సాగడం బోధనలో పరిపాటి. అయితే అర్థం ఒకటే అయినా వీటి ప్రయోగరంగాలు వేరు.

పదస్వరూపం:
'తొడ' ద్రావిడపదం. కన్నడ 'తొడె', తమిళ 'తొడై' దీనికి సోదరరూపాలు. సంస్కృత 'ఊరు' శబ్దం తరువు, ధేనువు వలె 'వు' చేరి 'ఊరువు' అయింది. గ్రామవాచకమైన దేశ్యపదం 'ఊరు' నుంచి దీనిని వేరుచేసేది ఈ 'వు' వర్ణమే. ఊరుభంగం, ఊరుస్తంభం వంటి సమాసాల్లో అది ఉండదు కనుక అక్కడ సందర్భమే ప్రమాణం.

శాస్త్రప్రయోగం:
అమరకోశం సక్థి, ఊరు శబ్దాలను పర్యాయాలుగా చెప్పింది. సుశ్రుతసంహిత మాత్రం ఒక్కొక్క సక్థిలో 11 మర్మాలను లెక్కించింది. పాదంలోని క్షిప్రం, మోకాలిలోని జానువు, తొడ నడుమనున్న ఊర్వి వాటిలోనివే. కాబట్టి అక్కడ 'సక్థి' అంటే కాలు మొత్తం. నిఘంటువును మాత్రమే నమ్మి 'తొడ' అని అనువదిస్తే పాదమర్మం తొడలోకి చేరుతుంది.

సాహిత్యప్రయోగం:
'రంభోరువు' అనే సమాసంలో ఉపమానం అరటిబోదె. అప్సరస రంభ కాదు. 'కరభోరువు'లోని కరభం, అమరకోశం ప్రకారం, మణికట్టు నుంచి చిటికెనవేలి వరకు ఉండే చేతి వెలుపలి అంచు. ఈ సౌందర్యవర్ణనలు ఊరువుకు చెందినవి. సవాలు మాత్రం తొడదే: 'తొడగొట్టు' అంటాం గాని 'ఊరువు కొట్టు' అనం. 'తొడపాశం' కూడా అంతే. భారతకథలో దుర్యోధనుని తొడ మొదట అహంకారచిహ్నం, తరువాత భీమప్రతిజ్ఞకు లక్ష్యం. నాభికి దిగువన కొట్టరాదన్నది గదాయుద్ధనియమం కనుక ఊరుభంగం ధర్మచర్చకు కూడా ఆస్పదమైంది.

తాడిపత్రి శిల్పసాక్ష్యం:
పెన్నాతీరంలోని తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయం విజయనగరకాలపు నిర్మాణం. అక్కడి గోపురద్వారాల పక్కన లతల కింద నిలిచిన స్త్రీమూర్తులను వర్ణించేటప్పుడు ఈ పదవివేకం అవసరమవుతుంది. అంగసౌష్ఠవాన్ని చెప్పడానికి 'ఊరువు' ఉచితం. ఏ కాలిపై భారం మోపి నిలిచిందో వివరించడానికి 'తొడ' సుబోధం.

ముగింపు:
పర్యాయపదాలు అర్థంలో కలిసినా ప్రయోగంలో కలవవు. ఊరువు, తొడ, సక్థి పదాలకు ప్రతిపదార్థంతో పాటు ప్రయోగరంగాన్ని కూడా సూచించినప్పుడే వ్యాఖ్యానం సమగ్రమవుతుంది.