బటన్ వెలిగింది... బొమ్మ పడింది!

సినిమా హాల్లో లైట్లు ఆరిపోతే ఈలలు వేస్తాం. నేనేమో 2024 వేసవిలో ఓ రాత్రి మా ఇంట్లో పదహారు లైట్లు వెలగలేదని తల పట్టుకు కూర్చున్నాను! అవి పెళ్ళి పందిరి లైట్లు కావు, దీపావళి లైట్లు అంతకన్నా కావు. వీడియో గేమ్ పెట్టె మీది బటన్ల లోపల ఉండే ఎల్ఈడీ లైట్లు. ఒక్కొక్కటీ కందిగింజంత. ఆ కందిగింజలే నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించాయంటే నమ్ముతారా?

ఏమిటా పెట్టె అంటారా? ఒకప్పుడు సినిమా హాళ్ళ పక్క కొట్లలో రూపాయి బిళ్ళ వేసి, నిలబడి ఆడేవాళ్ళు చూడండి... బీరువా అంత ఎత్తు, పైన తెర, కింద ఓ పుల్ల, దాని పక్కన నాలుగైదు బటన్లు. ఆర్కేడ్ క్యాబినెట్ అంటారు దాన్ని. హైదరాబాదులో మా ఇంట్లో అలాంటిదే ప్లైవుడ్‌తో కట్టించి, లోపల పాత కంప్యూటరొకటి పెట్టాను. ఇద్దరాడేందుకు మొత్తం పదహారు బటన్లు.

బాబాయ్ కోసం

ఈ సరదా నా కోసం కాదు. మా బాబాయ్ కోసం.

ఆయన మా ఊరి సినిమా హాల్లో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. కొత్త బొమ్మ రిలీజంటే చాలు, హీరో కటౌట్ చుట్టూ సీరియల్ సెట్లు కట్టేది ఆయనే. జనం కటౌట్ చూస్తే నేను మెట్ల నిచ్చెన మీదున్న బాబాయ్‌ని చూసేవాణ్ణి! ఫస్ట్ షో మొదలయ్యాక ఇంటర్వెల్ దాకా ఆయనకు పనుండేది కాదు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని పక్క కొట్టుకి తీసుకెళ్ళేవాడు. ఒక్క రూపాయి బిళ్ళతో అరగంట ఆడేవాడంటే అతిశయోక్తి కాదు సుమా!

2013లో ఆ హాలు మూతపడింది. ఇప్పుడక్కడ కల్యాణ మండపం ఉంది. ఆ తర్వాత బాబాయ్ మళ్ళీ స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. కళ్ళలో శుక్లాలొస్తే, ఆపరేషన్ కోసం మా ఇంటికొచ్చాడు. పెట్టె చూపించి, ‘ఆడు బాబాయ్’ అన్నాను మహా ఉత్సాహంగా. గదిలో వెలుతురు తక్కువ. నల్ల చెక్క మీద నల్ల బటన్లు. ఆయన వేళ్ళు అటూ ఇటూ తడుముకున్నాయి. రెండు నిమిషాల్లో ఆట అయిపోయింది.

‘నాకెందుకులేరా ఇప్పుడివన్నీ’ అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయనకు కనబడాలంటే బటన్లే వెలగాలి! వెంటనే లోపల ఎల్ఈడీ ఉన్న రంగు బటన్లు తెప్పించాను.

తెర మీద కూడా వెలిగాయి

ఈ వెలుగుల బటన్లు ఈనాటివి కావు. 1979లో అటారి వాళ్ళ ‘ఆస్టరాయిడ్స్’ యంత్రంలోనే స్టార్ట్ బటన్ల లోపల ఎల్ఈడీలుండేవి. బిళ్ళ వేస్తే చాలు, ‘రా, నన్ను నొక్కు’ అన్నట్లు మిణుకుమిణుకుమనేవి.

సినిమా అభిమానులకు ‘ట్రాన్’ గుర్తుండే ఉంటుంది. 1982లో డిస్నీ తీసిన ఆ చిత్రంలో జెఫ్ బ్రిడ్జెస్ వేసిన ఫ్లిన్ పాత్రకు సొంతంగా ఓ గేమ్స్ హాలే ఉంటుంది. అదే ఏడు ఆ సినిమా పేరుతో గేమ్ యంత్రమూ వచ్చింది. దాని నీలం పుల్ల చీకట్లో మెరిసిపోయేది. 1983లో వచ్చిన ‘వార్ గేమ్స్’ హీరో కూడా మొదట్లో ‘గెలాగా’ ఆడుతూనే కనిపిస్తాడు. చీకటి గదిలో వెలిగే పెట్టె అంటే హాలీవుడ్‌కి అంత మోజు మరి!

పూలదండ కట్టాను... పప్పులో కాలేశాను

బటన్లు వచ్చాయి. ఒక్కొక్కటీ 12 వోల్టులది. గుజరాతీ గల్లీకి వెళ్ళి 12 వోల్టుల అడాప్టరూ వైరూ కొన్నాను. ఇక నాకు తెలిసిన విద్య ఒక్కటే కదా... చిన్నప్పుడు బాబాయ్ కట్టగా చూసిన సీరియల్ సెట్! మొదటి బటన్ నుంచి రెండోదానికి, రెండోదాన్నుంచి మూడోదానికి పూలదండలా గుచ్చి స్విచ్ వేశాను.

ఒక్కటీ వెలగలేదు. ఫ్లాప్!

మర్నాడు వైర్లు పీకి, విసుగులో మళ్ళీ పెట్టడం మొదలెట్టాను. బటన్‌కి అడుగున నాలుగు కాళ్ళుంటాయి. రెండు స్విచ్‌వి, రెండు లైటువి. నేను ఓ చోట 12 వోల్టుల ప్లస్ వైరు తీసుకెళ్ళి స్విచ్ కాలికి తగిలించాను. నొక్కిన బటన్ ఏదో కంప్యూటర్‌కి చెప్పే యూఎస్‌బీ బోర్డు ఒకటుంటుంది. అది 5 వోల్టుల ప్రాణి. ‘టప్’మంది. కమురు వాసన!

ఆ వాసనకి బాబాయ్ లేచి వచ్చాడు.

‘ఏం కాల్చావురా?’

దొంగలా జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నా. ఆయన మాత్రం పెట్టె వెనక చతికిలబడి, చేత్తో వైర్లు తడిమి, ‘ముందు ప్లగ్గు పీకు’ అన్నాడు. పదకొండేళ్ళ తర్వాత మా ఎలక్ట్రీషియన్ డ్యూటీ ఎక్కాడు!

బాబాయ్ పాఠం

‘కటౌట్ సీరియల్‌కి ఎన్ని వోల్టులు ఇచ్చేవాళ్ళంరా? 230. అందులో 6 వోల్టుల బల్బులు 38 గుచ్చితే 228. తలా ఆరు పంచుకుని వెలుగుతాయి. నువ్విచ్చిందే 12. పదహారు మందికి పంచితే తలా ముప్పావు వోల్టు. దాంతో ఏది వెలుగుతుంది?’

లెక్క నిజమే. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు, నీలం, తెలుపు వాటికి 3 వోల్టుల పైన అందితే గానీ కన్ను తెరవవు.

‘దండ కాదు, నిచ్చెన కట్టు’ అన్నాడు. ఒక పక్క ప్లస్ వైరు బటన్లన్నిటినీ కలుపుతూ పోవాలి. ఇంకో పక్క మైనస్ వైరు. మధ్యలో బటన్లు నిచ్చెన మెట్లలాగ. అప్పుడు ప్రతి బటన్‌కీ పూర్తి 12 వోల్టులూ అందుతాయి. ఒకటి పోయినా తక్కినవి వెలుగుతూనే ఉంటాయి.

మరి కరెంటు? బటన్ ఒక్కింటికి 20 మిల్లీ ఆంపియర్లు. పదహారింటికి 320. అడాప్టర్ 1 ఆంపియర్‌ది కనుక హాయిగా మోస్తుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేదే 500 కదా, అందులోంచి లైట్లకు లాగకుండా వేరే అడాప్టర్ పెట్టడమే క్షేమం. లైట్ల దారి లైట్లది, స్విచ్‌ల దారి స్విచ్‌లది. రెండూ ఎక్కడా తగలకూడదు!

దానికి బాబాయ్ ఓ చట్టం చేశాడు. ఎరుపు, నలుపు వైర్లు లైట్లకే. స్విచ్‌లకు పసుపు, తెలుపు. అడాప్టర్ పెట్టేముందు ప్రతి లైటు వైరుకీ స్విచ్ కాలికీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడాలి. ‘కూ’ అందంటే ఎక్కడో తగిలినట్లే. ఆయన చెయ్యి, నా కన్ను... జంట సంగీత దర్శకుల్లాగ పని చేశామనుకోండి!

అన్నట్లు, మీలో ఎవరైనా విడి ఎల్ఈడీలు కొని చేద్దామనుకుంటే రెసిస్టర్ మరిచిపోవద్దు. అది లేకుండా నేరుగా తగిలిస్తే ఎల్ఈడీ ఇట్టే మాడిపోతుంది. ఇచ్చే వోల్టుల్లోంచి ఎల్ఈడీ వోల్టులు తీసేసి, మిగిలినదాన్ని 0.02తో భాగించండి. 5 వోల్టులకు ఎర్రదైతే 150 ఓమ్‌లు. అదే ఎర్రదానికి 12 వోల్టులైతే 500 వస్తుంది. అప్పుడు కొట్లో 560ది అడిగితే సరి. 12 వోల్టుల బటన్లలో రెసిస్టర్ లోపలే ఉంటుంది. అయినా కొనేముందు అడగండి.

క్లైమాక్స్

కొత్త బోర్డు రావడానికి మూడు రోజులు పట్టింది. బాబాయ్ ఆపరేషన్‌కి ఇంకా రెండు రోజులుందనగా స్విచ్ వేశాం. పద్నాలుగు వెలిగాయి! రెండు మాత్రం అలిగాయి. గుండె జారిపోయింది నాకు. బాబాయ్ నవ్వి, ‘ప్లస్సూ మైనస్సూ తిరగబడి ఉంటాయి. తీసి, తిప్పి పెట్టు’ అన్నాడు. ఎల్ఈడీకి కరెంటు ఒక వైపు నుంచే పోతుంది. తిప్పి పెట్టగానే రెండూ కళ్ళు తెరిచాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు... రిలీజ్ రోజు మా ఊరి హాలు గుర్తొచ్చింది!

నేను చప్పట్లు కొట్టబోతే బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

‘ఆగు. వెలుగు ఎక్కువైంది. బొమ్మ పడేముందు హాల్లో లైట్లు ఎందుకు ఆర్పేవాళ్ళంరా? జనం చూడాల్సింది తెరని, మన లైట్లని కాదు. చేతికి దారి తెలిస్తే చాలు.’

ఇన్నేళ్ళుగా సినిమాలు చూస్తున్నాను గానీ, ఈ ముక్క నాకు ఎప్పుడూ తట్టలేదు! 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌లకు వాడే చిన్న డిమ్మర్ తెచ్చి అడాప్టర్‌కీ నిచ్చెనకీ మధ్య పెట్టాను. తిప్పుతూ తిప్పుతూ పోతే, ఒకచోట ‘అదీ!’ అన్నాడు బాబాయ్. బటన్లు ఇప్పుడు మెరవడం లేదు. మెల్లగా వెలుగుతున్నాయంతే.

గదిలో లైటు ఆర్పాను. బాబాయ్ పెట్టె ముందు నిలబడ్డాడు. వేళ్ళు ఈసారి తడుముకోలేదు. ఎర్రది కాల్చడానికి, నీలంది దూకడానికి... రెండు ఆటల్లో కంఠతా పట్టేశాడు. పది నిమిషాలు ఆడి ఓడిపోయాడు. ‘నాకెందుకులేరా’ అంటాడేమోనని ఊపిరి బిగబట్టాను.

ఆయన తెర మీంచి చూపు తిప్పకుండానే ఎడమ చెయ్యి నా వైపు చాపాడు.

‘ఒరేయ్, ఇంకో బిళ్ళ ఇవ్వు!’

పెట్టెకి బిళ్ళతో పని లేదు. బటన్ నొక్కితే చాలు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. లోపలికి పరుగెత్తి, డబ్బాలోంచి రూపాయి బిళ్ళ వెతికి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.