ఛార్లెస్ ఐవ్సు సంగీతము - టెలివిజను వ్యాఖ్యానము

లక్ష్యము నెఱుఁగనివానికి లక్షణము చెప్పుట వ్యర్థమని వైయాకరణు లెఱుఁగుదురు. అపూర్వమైన సంగీతమును సామాన్యజనులకు బోధింపఁబూనువానికిని ఈ చిక్కే కలదు. అమెరికాదేశమున లెనర్డు బెర్న్‌స్టైను అను వాద్యబృందనాయకుఁడు ఈ ముడి నెట్లు విప్పెనో, ఎచట మఱింత బిగించెనో పరిశీలింపఁదగియున్నది. న్యూయార్కు ఫిల్హార్మోనిక్ వాద్యబృందముతో నతఁడు 1958 మొదలు 1972 వఱకు బాలజనులకై నడపిన కచ్చేరీలు టెలివిజనులో ప్రసారితము లయ్యెను. 1967 నాఁటి యొకటి ఛార్లెస్ ఐవ్సును గూర్చినది.

ఐవ్సు 1874లో కనెక్టికట్ రాష్ట్రమునందలి డాన్బరీ పట్టణమున జనించెను. తండ్రి జార్జి అమెరికా అంతర్యుద్ధమున సేనావాద్యబృందమునకు నాయకుఁడుగా నుండినవాఁడు, విచిత్రమైన గురువు. కుమారునిచే నొక శ్రుతిలో పాడించుచు తాను వేఱొక శ్రుతిలో వాద్యమును వాయించెడివాఁడు. ఈ యొక్క విషయము తెలిసినచో ఐవ్సు రచనలలో తోఁచు గందరగోళము సగము తొలఁగును. ఎదురెదురుగా నడచు రెండు బ్యాండుమేళము లొక్కమాఱు వినఁబడుట యతని దృష్టిలో అపశ్రుతి కాదు. వీథిలో వినఁబడు యథార్థము. కావుననే బెర్న్‌స్టైను తన కచ్చేరీలో, అగ్నిమాపకులు నిచ్చెనబండితో నూరేగుటను వర్ణించు చిఱురచనకుఁ జోటిచ్చెను. ఊరేగింపు నెఱుఁగని బాలుఁడుండఁడు గదా! లక్ష్యము ముందు, లక్షణము పిదప.

ఐవ్సు 1898లో యేల్ విశ్వవిద్యాలయమున పట్టభద్రుఁడై, జీవనార్థము న్యూయార్కులో జీవితబీమా వర్తకమును జేపట్టి యందు ధనికుఁ డయ్యెను. సంగీతరచన రాత్రులందును సెలవుదినములందును సాగెను. అతని రచనలు పెక్కులు దశాబ్దములపాటు పెట్టెలలోనే యుండెను. మూఁడవ సింఫనీ 1946లో మొదటిసారి వినఁబడి, మఱుసటియేఁడు పులిట్జరు బహుమానము నొందెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దమున ముగిసిన రెండవ సింఫనీని 1951 ఫిబ్రవరి 22న బెర్న్‌స్టైనే ప్రథమముగా వాయింపించెను. ఆ సభకు ఐవ్సు భార్య వచ్చెను గాని ఐవ్సు రాలేదు; రేడియోలో వినెను. 1954లో గతించెను.

టెలివిజను ప్రేక్షకులకు ఐవ్సుహృదయమును తెలుపుటకు ‘సమాధానము లేని ప్రశ్న’ యను కృతికంటె తగినది లేదు. 1967 కచ్చేరీలో నదియు నుండెను. ఇందు మూఁడు వర్గములు గలవు. తంత్రీవాద్యములు మిక్కిలి మందముగా, మిక్కిలి మెల్లఁగా, సంవాదిస్వరములతో నిశ్చలముగా సాగును. వానితో నెట్టి పొత్తును లేని స్వరములతో బాకా యొక చిన్న ప్రశ్నను ఏడుమాఱు లడుగును. వేణువులు ఆఱుమాఱులు బదులు చెప్పఁజూచి, పోనుపోను తొందరపడి, కర్కశములై, తుదకు ప్రశ్ననే వెక్కిరించి యూరకుండును. ఏడవ ప్రశ్నకు బదులు లేదు. తంత్రులు మాత్రము చలింపక యుండును. వీలైనచో తంత్రీవాద్యములను రంగస్థలముపై నుంచక మఱుఁగున నుంచవలెనని కర్త సూచించెను. సర్వమును జూపఁగోరు టెలివిజనునకు ఇది యొక పరీక్షయే.

బెర్న్‌స్టైను వ్యాఖ్యానము నిర్దుష్టము కాదు. ఐవ్సును అతఁడు శిక్షణలేని గ్రామీణ చిత్రకారులతోఁ బోల్చి, సహజప్రతిభ గల యనాగరకునిగాఁ జిత్రించెను. ఇది వినుటకు మనోహరము, సత్యమునకు దూరము. యేల్‌లో హోరేషియో పార్కరు నొద్ద శాస్త్రమభ్యసించి, రెండవ సింఫనీలో బ్రామ్సు మొదలగువారి రచనాంశములను బుద్ధిపూర్వకముగా నిమిడ్చినవాఁడు అశిక్షితుఁ డెట్లగును? అపశబ్దము తెలియక పలుకుట వేఱు, సూత్రము నెఱిఁగి యతిక్రమించుట వేఱు. ఆ సింఫనీ చివరనున్న కర్కశమైన స్వరసమూహమును బెర్న్‌స్టైను మిక్కిలి దీర్ఘముగా నిలిపి వాయింపించుటయు నిట్టిదే. వ్రాఁతలో నది హ్రస్వము.

1973లో నతఁడు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆఱుపన్యాసము లిచ్చి, వానికి ఐవ్సుకృతి పేరే పెట్టెను. అవియు టెలివిజనులో ప్రసారితములే. బాకా యడుగునది జీవసత్తను గూర్చిన శాశ్వతప్రశ్న యని ఐవ్సు తానే వ్రాసియుండెను. బెర్న్‌స్టైను ఆ యభిప్రాయమును ముందు తెలిపి, పిదప తన భావమును జెప్పెను: సంగీతమిఁక నెచటికిఁ బోవునన్నదే ప్రశ్న, తంత్రులు పూర్వసంప్రదాయమగు శ్రుతినియమము. మూలకారుని మాటను వ్యాఖ్యాత మాటతోఁ గలపక వేఱుగా నుంచినందున, 1951 నాఁటి బెర్న్‌స్టైనుకంటె ఈ బెర్న్‌స్టైను నమ్మఁదగినవాఁడు.