వాడు కుదురుగా ఉండడు, అయినా కదలడం లేదు

"మా వాడు క్షణం కుదురుగా కూర్చోడండీ, వాడికి మళ్లీ వ్యాయామం ఎందుకు?"

పిల్లల ఆటల మాట ఎత్తితే చాలు, ఈ జవాబు సిద్ధంగా ఉంటుంది. చెప్పేవాళ్లు అబద్ధమాడరు. సోఫా మీంచి మంచం మీదికి, అక్కణ్ణుంచి వంటింట్లోకి, ఫ్రిజ్ తలుపు ఓసారి తీసి చూసి మళ్లీ సోఫా మీదికి వాడు తిరుగుతూనే ఉంటాడు. కానీ గుండె, ఊపిరితిత్తులు ఆ తిరుగుడును పట్టించుకోవు. వాటికి ఆయాసం కావాలి. అది వస్తోందో లేదో తెలుసుకోవడానికి ఏ వాచీ అక్కర్లేదు. ఆడుతూ మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతుంటే ఓ మాదిరి శ్రమ. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటుంటే గట్టి శ్రమ. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు ఇలాంటి కదలిక రోజుకు సగటున 60 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో కనీసం 3 రోజులు గట్టి శ్రమ, ఎముకలకూ కండరాలకూ పని పెట్టే ఆటలు ఉండాలంది.

ఏకబిగిన గంట ఆడితేనే లెక్క అనుకోవడం పొరపాటు. బడికి చకచకా నడిచిన పావుగంట, ఇంటర్వెల్‌లో పరిగెత్తిన పది నిమిషాలు, సాయంత్రం ఆడిన అరగంట అన్నీ కలుస్తాయి. ఒకరోజు తగ్గితే మర్నాడు పూడ్చుకోవచ్చు.

"అకాడమీలో చేర్పించాం, ఇక ఫర్వాలేదు"

క్రికెట్ కోచింగ్ జరిగేచోట ఓ సాయంత్రం నిలబడి చూడండి. నెట్స్‌లో ఒకడు బ్యాటింగ్ చేస్తుంటాడు, మిగతావాళ్లు ప్యాడ్లు కట్టుకుని తమ వంతు కోసం చూస్తుంటారు. రెండు గంటల్లో మీ వాడు నిజంగా పరిగెత్తింది ఎంతసేపో లెక్కేస్తే, చెమట వాడికి కాదు, ఫీజు కట్టిన మీకు పడుతుంది. కోచింగ్ వద్దనడం లేదు. అక్కడ ఆట నేర్పుతారు. ఒళ్లు అలిసేలా ఆడటం వేరే సంగతి.

పైసా ఖర్చులేని ఖోఖో, ఏడుపెంకులాట ఈ విషయంలో ఎంతో నయం. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు, తాడాటలో ఎగురుడు ఎముకలకు పని. కోతికొమ్మచ్చిలో కొమ్మ పట్టుకుని వేలాడటం కండరాలకు పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కాగితం మీద పెట్టిన సిఫారసు మన వీధుల్లో సుద్దముక్కతో గీసిన గళ్లలో ఎప్పటినుంచో ఉంది. (కడ్డీకి వేలాడితే పొడుగవుతారన్నది మాత్రం నిజం కాదు. భుజాలు గట్టిపడతాయి, వేలాడనివ్వండి.)

పెద్దయ్యాక మన ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు నాలుగోవంతు, పిల్లలు వేగంగా ఎదిగే ఓ రెండేళ్లలోనే చేరుతుంది. ఆడపిల్లల్లో అది సుమారు 12 ఏళ్లప్పుడు, మగపిల్లల్లో 14 ఏళ్లప్పుడు. సరిగ్గా ఆ వయసులోనే మనం ఆట మాన్పించి ఫౌండేషన్ కోర్సులో కూర్చోబెడతాం.

"ఆడితే చదువు పోతుంది"

మాన్పించడానికి చెప్పే కారణం ఇదే కదా. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 221 మందిని తీసుకుని, వాళ్లలో కొందరిని తొమ్మిది నెలలపాటు బడి వదిలాక ఆడించారు. 2014లో ఫలితాలు వచ్చాయి. ఆడినవాళ్లలో దృష్టి చెదరకుండా నిలుపుకోవడం, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మనసు మళ్లించుకోవడం మెరుగయ్యాయి. ఆడితే ర్యాంకు వస్తుందని నేననను, అది కొత్త అపోహ అవుతుంది. గంటసేపు ఆడినంత మాత్రాన చదువు చెడదు, అంతవరకే.

అసలు శ్రమంటే పిల్లలకు ఏవగింపు పుట్టించేది మనమే. హోంవర్క్ చేయలేదా, గుంజీలు తియ్యి. ఆలస్యంగా వచ్చావా, గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు. మార్కులు తగ్గాయా, నెలరోజులు ఆట బంద్. వినాయకుడి ముందు కిలకిల నవ్వుతూ తీసే గుంజీలే, క్లాసు ముందు తీయాల్సి వస్తే తల దించుకునేలా చేస్తాయి. తొడ కండరాలకు ఆ తేడా తెలియదు గానీ పిల్లాడికి తెలుసు.

"ఆడపిల్లకు ఈ ఎగురుళ్లేంటి?"

146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ల విద్యార్థుల 2016 నాటి పరిస్థితిని అంచనా వేస్తే, చాలినంత కదలిక లేనివాళ్లు 81 శాతం. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. మన దేశంలో మొత్తం మీద దాదాపు 74. మనం కాస్త నయమేనని సంబరపడేముందు ఈ అంచనా వేసిన పరిశోధకులు ఊహించిన కారణం కూడా వినాలి: అబ్బాయిలకు క్రికెట్, అమ్మాయిలకు ఇంటిచాకిరీ! అంట్లు తోమడం, నీళ్లు మోయడం శ్రమే, కాదనలేం. దాన్ని ఆట అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

నెలసరిలో ఆడకూడదని వైద్యం ఎక్కడా చెప్పదు. కదిలితే కొందరికి నొప్పి తగ్గుతుంది కూడా. బరువులెత్తితే ఎదుగుదల ఆగిపోతుందన్నదీ ఉత్తమాటే. వయసుకు తగ్గ బరువు, సరైన పద్ధతి, పక్కన నేర్పే మనిషి ఉంటే చాలు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. "ఈ పిల్ల వల్ల ఏమవుతుంది" అనేవాళ్లు వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిని తలుచుకోవాలి. మేధో వైకల్యంతో పుట్టిన ఆమె 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఉబ్బసం ఉన్న పిల్లలూ డాక్టరు చెప్పిన మందు వాడుతూ హాయిగా ఆడుకోవచ్చు.

"సన్నగానే ఉన్నాడుగా"

వ్యాయామం లావు పిల్లలకే అనుకుంటాం. డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన శిశువులను ఇంగ్లండ్ శిశువులతో పోల్చింది. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5. కండ బాగా తక్కువ, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు దాచుకునే ఒళ్లు మనది. అందుకే మధుమేహం విషయంలో తూకం యంత్రం చెప్పేది పూర్తిగా నమ్మలేం.

"కళ్లజోడు టీవీ వల్లే"

టీవీని తిడతాం గానీ, ఆరుబయట గడిపే వేళ తగ్గడాన్ని పట్టించుకోం. చైనాలోని గ్వాంగ్జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్లలో దూరపు చూపు మందగించినవాళ్లు ఆ బడుల్లో 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. ఇక్కడ మేలు చేసేది పరుగు కంటే పగటి వెలుగేనని నిపుణుల అభిప్రాయం. కాబట్టి ఇండోర్ హాల్లో ఆడిన షటిల్ గుండెకు మంచిదే గానీ కంటికి అంత సాయపడదు. వచ్చేసిన జోడు ఆటలతో పోదన్నదీ గుర్తుంచుకోవాలి.

అలాగని ఒంటిపూట బడి వదిలిన మిట్టమధ్యాహ్నం మైదానానికి తోలకండి. వేసవిలో పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తర్వాత. దాహం అనకముందే నీళ్లు.

"పొమ్మన్నా పోడు, ఫోనే లోకం"

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. "పో, ఆడుకో" అని ఒక్కణ్ణే తలుపు బయటికి పంపితే ఎవరితో ఆడతాడు? కిందికి దిగితే సెల్లార్ నిండా కార్లు, గోడ మీద "బంతి ఆటలు నిషేధం" బోర్డు, వాచ్‌మన్ కేక. తిరిగొచ్చి ఫోన్ అందుకుంటాడు. ఎదురు ఫ్లాట్ వాళ్లతో, పైఅంతస్తు వాళ్లతో మాట్లాడి అయిదుగురు పిల్లల్ని ఒకే వేళకు కిందికి దింపండి. అసోసియేషన్ మీటింగులో ఆ బోర్డు సంగతి ఎత్తండి. మొదటి వారం మీరూ వెళ్లి ఏడుపెంకులు పేర్చిపెట్టండి. ఈ కాలం పిల్లలకు ఆ ఆట నియమాలు తెలియకపోవచ్చు. రెండో వారంలో సాయంత్రం ఆరింటికి కింది నుంచి ఎవడో మీ వాడి పేరు పెట్టి గట్టిగా అరుస్తాడు. అప్పుడు చెప్పులు వేసుకోమని వాడి వెనక మీరు పరిగెత్తాలి.