ప్యాకెట్ పేరు మూసేసి జాబితా చదవండి.. లోపల ఏముందో చెప్పగలరా?

వికారాబాద్, తాండూరు బజార్లలో ఏ కిరాణా కొట్టు ముందు చూసినా రంగురంగుల ప్యాకెట్లు దండల్లా వేలాడుతుంటాయి. ముందు వైపు మామిడి పండు బొమ్మ, పాల గ్లాసు బొమ్మ, నవ్వుతున్న పిల్లాడి బొమ్మ. వెనక వైపు మాత్రం చీమ తలకాయంత అక్షరాలు. ఆ వివరాలు ఇంగ్లీష్‌లో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు అంటుంది చట్టం. తెలుగు, ఉర్దూ తప్పనిసరి కాదు. దాంతో తెలుగు బడిలో చదివిన అమ్మీకి, ఉర్దూ మాత్రమే చదవగలిగే నానీకి ఆ అక్షరాలు ఉన్నా లేనట్టే. చాలా ఇళ్లలో వాటిని చదవగలిగేది బడికెళ్లే పిల్లలే.

అందుకే దీన్ని ఇంట్లో ఒక ఆటగా మార్చుకోవచ్చు. పిల్లలు ప్యాకెట్ పేరును చేత్తో మూసి, వెనకున్న జాబితా పైకి చదవాలి. పెద్దలు అదేంటో చెప్పాలి. అచ్చం పొడుపు కథలాగే.

ఆటకు ముందు ఒక్క రూల్ తెలిస్తే చాలు. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం, తయారీలో ఏది ఎక్కువ బరువు వాడారో అది జాబితాలో ముందు రాయాలి. తక్కువ వాడింది చివర రాయాలి. అంటే మొదటి మూడు పేర్లు వింటే సగం గుట్టు తెలిసిపోయినట్టే.

మొదటి పొడుపు

"మైదా, చక్కెర, పామాయిల్, ఇన్వర్ట్ షుగర్ సిరప్, పొంగించే పదార్థాలు 503, 500, పాల పదార్థాలు, ఉప్పు, ఎమల్సిఫయర్లు 322, 471."

జవాబు: చాయ్‌లో ముంచుకునే బిస్కెట్. ముందు పాల గ్లాసు బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, జాబితాలో పాలు ఎక్కడో వెనక ఉన్నాయి. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇందులో చక్కెర రెండు పేర్లతో వచ్చింది. ఇన్వర్ట్ సిరప్, గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఇవన్నీ చక్కెర చుట్టాలే. ఒకే తీపిని ఇలా రెండు మూడు పేర్లుగా విడగొడితే, ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోతుంది. మొత్తం కలిపితే ఎంతో తెలియాలంటే పోషకాల పట్టికలో 'యాడెడ్ షుగర్స్' అన్న వరుస చూడాలి.

రెండో పొడుపు

"నీళ్లు, చక్కెర, మామిడి గుజ్జు, ఆమ్లత కోసం 330, యాంటీ ఆక్సిడెంట్ 300, రంగు, ఫ్లేవర్."

జవాబు: మామిడి డ్రింక్. మామిడి కంటే ముందే నీళ్లు, చక్కెర వచ్చేశాయి. 330 అంటే నిమ్మ ఉప్పు, 300 అంటే విటమిన్ సి. నంబర్ కనబడగానే భయపడాల్సిన పనిలేదు. చూడాల్సింది చక్కెర. 100 మిల్లీలీటర్లకు 14 గ్రాములు అని రాసి ఉంటే, 200 మిల్లీలీటర్ల డబ్బాలో 28 గ్రాములు ఉన్నట్టు. అంటే దాదాపు ఏడు చిన్న చెంచాలు. పెద్దవాళ్లకు బయటి నుంచి కలిపే చక్కెర రోజుకు 50 గ్రాములు దాటొద్దని, 25 గ్రాముల లోపే ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క డబ్బాతోనే ఆ రెండో హద్దు దాటిపోయింది.

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద కనిపించే గులాబీ షర్బత్‌ల జాబితాలోనూ చాలావాటికి మొదటి పేరు చక్కెరే. ఇంట్లో షుగర్ ఉన్న దాదా, దాదీ రోజా ఉంటే ఈ వరుస తప్పకుండా చదివి వినిపించాలి.

మూడో పొడుపు

"మైదా, పామాయిల్, ఉప్పు, గోధుమ గ్లూటెన్, 508, 412, 501, 500. మసాలా పొట్లంలో ఉల్లి పొడి, ధనియాలు, పసుపు, రుచి పెంచే 635."

జవాబు: రెండు నిమిషాల నూడుల్స్. ఇక్కడ చూడాల్సిన వరుస సోడియం. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క తేలుతుంది. 100 గ్రాములకు 1,000 మిల్లీగ్రాముల సోడియం అని రాసి ఉంటే, 70 గ్రాముల ప్యాకెట్‌లో 700 మిల్లీగ్రాములు. ఉప్పులోకి మారిస్తే 1.75 గ్రాములు. పెద్దవాళ్లకు రోజంతటికీ హద్దు 5 గ్రాములు. బీపీ ఉన్న ఇంట్లో ఇది చిన్న లెక్క కాదు.

పచ్చ గుర్తు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

జాబితాలో 471 వినగానే చాలా ఇళ్లలో అనుమానం వస్తుంది. అది కొవ్వు నుంచి తయారవుతుంది. ఆ కొవ్వు నూనె గింజలది కావొచ్చు, జంతువుది కావొచ్చు. నంబర్ ఒక్కటే చూసి తేల్చలేం. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద చదరంలో పచ్చ చుక్క ఉంటే అందులో జంతు కొవ్వు గానీ, జెలటిన్ గానీ ఉండకూడదు. పురుగు నుంచి తీసే ఎర్ర రంగు 120 ఉంటే మాంసాహార గుర్తు, అంటే గోధుమ రంగు త్రికోణం వేయాల్సిందే. పంది కొవ్వు, గొడ్డు కొవ్వు వాడితే వాటిని 'కొవ్వు' అని దాచకుండా అసలు పేరుతోనే రాయాలని కూడా నిబంధన ఉంది.

అయితే పచ్చ చుక్క హలాల్ ముద్ర కాదు. పాలు, తేనె, లక్క నుంచి తీసే షెల్లాక్ ఉన్నా పచ్చ చుక్కే వేస్తారు. ఆల్కహాల్ గురించి ఆ చుక్క ఏమీ చెప్పదు. కొన్ని ఎసెన్సుల తయారీలో ఆల్కహాల్ వాడతారు, అది జాబితాలో విడిగా కనిపించకపోవచ్చు. సందేహం ఉంటే ప్యాకెట్ మీదున్న కన్జ్యూమర్ కేర్ నంబర్‌కు ఫోన్ చేసి అడగడం, ఆ జవాబుతో తెలిసిన ఆలిమ్ సాబ్‌ను సంప్రదించడం మంచిది. గల్ఫ్ నుంచి బంధువులు నేరుగా తెచ్చే చాక్లెట్లు, జెల్లీల మీద ఈ పచ్చ చుక్క ఉండకపోవచ్చు. అక్కడ జాబితా చదవడం తప్ప వేరే దారి లేదు.

ప్రాణం మీదికి వచ్చే పొడుపు

రెండు జాబితాలు వినండి. ఒకటి: "గ్లూకోజ్, ఉప్పు, పొటాషియం క్లోరైడ్, ట్రైసోడియం సిట్రేట్." రెండోది: "నీళ్లు, చక్కెర, పండ్ల రసం, ఫ్లేవర్, కొద్దిగా లవణాలు."

మొదటిది అసలైన ఓఆర్ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలి. రెండోది తీపి డ్రింక్. కానీ ఇలాంటివి ఏళ్ల తరబడి 'ఓఆర్ఎస్' అన్న అక్షరాలు పేరులో పెట్టుకుని మందుల షాపుల్లోనే అమ్ముడుపోయాయి. వాటిలో లీటరుకు సుమారు 120 గ్రాముల చక్కెర ఉంటోందని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ సుమారు 8 ఏళ్లు పోరాడారు. తెలంగాణ హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం కూడా వేశారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

అంత గొడవ ఎందుకంటే, విరేచనాలు అవుతున్న పిల్లలకు అతి తీపి నీళ్లు పడితే, ఆ చక్కెర ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పేరు చూసి కొంటే మోసపోయే చోటు ఇదే. జాబితా చదివిన తల్లి మోసపోదు. అసలు ఓఆర్ఎస్ పొట్లాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆశా కార్యకర్తల దగ్గర ఉచితంగానే దొరుకుతాయి. పొట్లం మీద ఎన్ని నీళ్లు రాస్తే అన్ని నీళ్లే కలపాలి.

ఆఖరి పొడుపు

ఈ ప్యాకెట్ వెనక జాబితా అంటూ ఏమీ లేదు. ఒకటే వస్తువు. నంబర్లు లేవు, రంగు లేదు, కలిపిన చక్కెర లేదు. 100 గ్రాములకు ప్రొటీన్ మాత్రం దాదాపు 22 గ్రాములు.

తాండూరు పిల్లలు దీన్ని చటుక్కున చెప్పేస్తారు. జవాబు కందిపప్పు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది నుంచి వచ్చేదే. ఇంట్లో ఖట్టీ దాల్ అయ్యేదీ అదే. ఒకే వస్తువున్న ఆహారానికి పదార్థాల జాబితా అవసరం లేదని నిబంధనల్లోనే ఉంది. చదవడానికి ఏమీ లేని ప్యాకెట్ వంటింట్లో ఎంత ఎక్కువుంటే, భూతద్దం పట్టుకుని చదవాల్సిన ప్యాకెట్లు అంత తగ్గుతాయి.