మనోవ్యాధికి తొలినాళ్ళ చికిత్స

చదువులో చురుకైన యువకుడు క్రమముగా గది విడచి వెలుపలికి వచ్చుట మానును. రాత్రులు నిద్రపోడు. పొరుగువారు తనపై కుట్ర పన్నుచున్నారనును. ఎవ్వరును పలుకకున్నను మాటలు వినబడుచున్నవనును. ఇంటివారు మొదట పరీక్షల బెంగ యనుకొందురు. తరువాత గ్రహచార మనుకొందురు. ఆపై పరువు పోవునని దాచుదురు. ఇట్లు నెలలు గడచును. వైద్యులు సైకోసిస్ అని వ్యవహరించు ఈ వ్యాధి తరచుగా యౌవనముననే ఆరంభమగును. కావున చదువు, ఉద్యోగము, స్నేహములు కుదురుకొనవలసిన కాలమే ఈ జాప్యమునకు బలియగును.

జాప్యమును తగ్గించినచో ఫలితమేమి? నార్వే దేశమందలి రోగలాండ్ మండలమున ఈ ప్రశ్నకు సమాధానము వెదకిరి. 1993-94లో అచ్చటి రోగులలో సగముమందికి, వ్యాధి పొడసూపిన పిదప 26 వారములు గడచినను చికిత్స లభింపలేదు. 1997 నుండి వార్తాపత్రికలలో, రేడియోలో, సినిమాశాలలలో వ్యాధిలక్షణములను ప్రచారము చేసిరి. ఉపాధ్యాయులకును, కుటుంబవైద్యులకును బోధించిరి. ఎవరైనను నేరుగా టెలిఫోను చేయుటకు వీలుగా ఒక వైద్యబృందమును నియమించిరి. 2000 వరకు సాగిన ఆ కృషివలన సగముమందికి 5 వారములలోపుననే చికిత్స ఆరంభమయ్యెను.

పోలికకై ఓస్లో నగరమున ఒక భాగమును, డెన్మార్కులోని రోస్కిల్డేను తీసికొనిరి. చికిత్సాపద్ధతి అన్నిచోట్ల ఒక్కటే; ప్రచారము మాత్రము అచ్చట లేదు. పదేండ్ల పిమ్మట పరీక్షకు లభించినవారిలో, లక్షణములు ఉడిగి, పనిచేసికొనుచు, స్వతంత్రముగా జీవించుచున్నవారు రోగలాండులో నూటికి 31 మంది. తక్కినచోట్ల 15 మంది. అందరును కోలుకొనలేదు, వ్యాధి మొండిదే. ఐనను త్వరపడినచోట కోలుకొన్నవారు రెట్టింపు.

మరియొక విషయము గమనింపదగినది. ప్రచారము ఆపివేసిన తరువాత రోగలాండులో జాప్యము మరల 15 వారములకు పెరిగెను. ఇట్టి సంగతులు ఒకమారు చెప్పినంత మాత్రమున చాలదు, చెప్పుచుండవలెను.

ఏకాంతమును కోరు ప్రతి బాలుడును రోగి కాడు. కాని లేని మాటలు వినబడుట, నిష్కారణమైన అనుమానము, నిద్రలేమి వారములతరబడి కొనసాగినచో వైద్యుని చూడవలెను. మన దేశమున 2022 అక్టోబరులో టెలీమానస్ సేవ ఆరంభమైనది. 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. ఈ వ్యాధి ఎవరి పాపఫలమును కాదు, తల్లిదండ్రుల పెంపకపు దోషమును కాదు. దాచుటవలన పరువు నిలువవచ్చునేమో గాని, దాచిన నెలలు బిడ్డకు తిరిగి రావు.